లారీ ముడి

జైలు ములాఖత్ గదిలో ఇనుప జాలీకి అటువైపు లారీలకు తాళ్లు బిగించే మనిషి, ఇటువైపు అతని భార్య. ఆమె ఒళ్లో తాడుతో కట్టిన బట్టల మూట ఉంది.

"అప్పీలు వేశామని లాయరు చెప్పాడా?" అడిగాడతను.

"చెప్పాడు. కత్తి చూపించి నగల కొట్టు దోచినవాడికి అప్పీలొకటి."

"నేను దోచలేదే. దొంగ మొహం ఎవరూ చూడలేదు. కాపలావాణ్ణి కట్టేసిన ముడి నాదని ఏడేళ్లు వేశారు."

"నీదే కదా. పోలీసులు విప్పలేక కత్తితో కోశారు."

"దాన్ని విప్పడం నీకు నేర్పాను. కట్టడం ఇంకొకడికి నేర్పాను. పైకోర్టులో ఆ మాట నువ్వు చెబితే చాలు."

"ఎవడా ఇంకొకడు?"

"నీ తమ్ముడు."

"నీ నోరు పడిపోను. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"నీ మొహం చూసి ఊరుకున్నాను. వాడే వచ్చి ఒప్పుకుంటాడనుకున్నాను."

"వాడు నీతో నాలుగు రోజులు లారీ ఎక్కి, చేతులు బొబ్బలెక్కాయని మానేశాడు. బూట్ల తాళ్లు కట్టుకోవడమే రాదు వాడికి."

"అయితే ఆ మూట ఎవరు కట్టారు?"

ఆమె తలవంచి మూట మీది ముడి చూసింది.

"పొద్దున బస్సెక్కేటప్పుడు వాడే కట్టిచ్చాడు."

"విప్పకు. ఉన్నదున్నట్టు లాయరు చేతిలో పెట్టు. నీకు దండం పెడతాను."

"నా పుట్టింటివాళ్లలో మిగిలింది వాడొక్కడే."

"మరి నేనెవర్నే నీకు?"

ఆమె ముడి కింద బొటనవేలు దూర్చి, అతను నేర్పినట్టే, కొస పట్టుకుని ఒక్క లాగు లాగింది.