భిక్షపతి జొన్నరొట్టె ప్రతాపం

భిక్షపతి నోరు తెరిచిండంటే చంపాపేట్ రోడ్డు మీద పోయే ఆటోలు గూడ జర ఆగి, విని పోవాల్సిందే. నల్లగొండ దిక్కు నుంచి వచ్చి, విజయవాడ రోడ్డు మీద ముప్పై ఏండ్లు ప్రైవేటు బస్సు నడిపి, ఇప్పుడు ఇంటిపట్టున ఉన్న మనిషి. పొద్దున ఎనిమిదింటికి సాయమ్మ చాయ్ బండి ముందరి బల్ల మీద కూసుంటడు. ఎంత పెద్ద కోత కోసినా నవ్వడు, కోర్టుల సాక్ష్యం చెప్పినట్టు చెప్తడు. అందుకే చాయ్ తాగెటోళ్లు అబద్ధమని ఎరుకుండి గూడ ఊకొడ్తరు.

సాయమ్మకు మాత్రం ఇంకో సంగతి ఎరుక. ఆమె బండి మీద ఇలాచి డబ్బ ఉంటది, ఆ డబ్బల ఇలాచి కింద ఒక గోలీల షీటు ఉంటది. అవి భిక్షపతి షుగర్ గోలీలు. గోలీలు మానేసిన్నని కొడుకు రాజుకు, కోడలు మౌనికకు గూడ గొప్పలు చెప్పుకున్నడు, ఇంక వాళ్ల ముందర ఎట్ల మింగుతడు? రోజూ ఏడింటికే, ఎవరు రాకముందే వచ్చి, డబ్బ తీసి ఒక గోలి వేసుకొని, "చెల్లె, ఈ ముచ్చట మనిద్దరి నడుమనే" అని పోతడు. మళ్ల ఎనిమిదింటికి అప్పుడే ఇంట్లకెళ్లి వచ్చినట్టు వస్తడు. సాయమ్మ ఎవరికి చెప్పనని మాట ఇచ్చింది. మనిషి గోలి వేసుకుంటనే ఉన్నడు గదా, చెప్పుకుంటె చెప్పుకోని, ఎవరికి నష్టం అనుకున్నది.

ఆ రోజు ఆయన లేటైండు. వచ్చేసరికే బల్ల మీద ఇద్దరు కూసోని ఉన్నరు. ఒకడు పక్కన సెల్‌ఫోన్ దుకాణం నడిపే మధు. ఇంకొకడు ప్లంబర్ అంతయ్య. భిక్షపతి ఇలాచి డబ్బ దిక్కు ఒకసారి చూసిండు, సాయమ్మ దిక్కు ఒకసారి చూసిండు, ఏం చేస్తడు, కూసున్నడు.

మధు చేతుల మిక్చర్ ప్యాకెట్ ఉన్నది. అది చూసినంక ఇంక ఊకుంటడా?

"పారెయ్ బిడ్డా అది. నేను గూడ గట్లనే తిన్న. బస్సు ఆపినందుకు హోటలోళ్లు డ్రైవర్‌కు పుక్యానికి పెడ్తుండె, నేను కాదంటనా, పొద్దు మాపు బిర్యానే. నా పెండ్లాం అండాలమ్మ పోయినంక ఇంట్ల పొయ్యి ముట్టించెటోళ్లు లేకపాయె, కొడుకు కోడలు నౌకరీలకు పాయె, కర్రీ పాయింట్ కూరలు, ప్యాకెట్ పరోటాలు, దూపైతే కూల్ డ్రింకు. షుగర్ ఎంతనుకున్నవు? మూడొందల ఎనభై! అప్పుడు అనుకున్న, అరే భిక్షపతీ, ఇంజన్ల కల్తీ డీజిల్ పోస్తె పోనియ్యవు గదరా, మరి పొట్టల ఎట్ల పోస్తున్నవురా అని. ఆ రోజే సంచెడు ప్యాకెట్లు చెత్తబండిల వేసిన. జొన్నపిండి తెచ్చిన. అరవై ఏండ్లొచ్చినంక మొదటిసారి పెనం పట్టుకున్న. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్పు కాకా," అన్నడు మధు. ప్యాకెట్ మాత్రం కింద పెట్టలే.

"ఒక్క వారం. పొద్దున రొట్టె, పుంటికూర. మాపటికి రొట్టె, పచ్చిపులుసు. మళ్ల ల్యాబుకు పోయి రక్తమిస్తె నూటపది! ల్యాబు పిల్ల మిషన్ కరాబైందని పరేషాన్. తన వేలు తనే గుచ్చుకొని చూసుకున్నది, మిషన్ మంచిగనే ఉన్నది."

"శభాష్ అన్నా," అన్నడు అంతయ్య. జగ్గు ఎత్తి గటగట నీళ్లు తాగిండు.

సాయమ్మకు ఇంతదాక నవ్వే వచ్చింది. గ్లాసులు కడుగుకుంట విన్నది.

"నెల దాటేసరికి కండ్లద్దాలు పెట్టుకుంటె మసక, తీస్తె సాఫ్. ఒకనాడు ఎల్‌బీ నగర్ చౌరస్తాల నిలబడి పైకి చూస్తున్న, నాదర్‌గుల్ నుంచి విమానం నేర్చుకునే పిలగాండ్లు పోతరు చూడు, గా విమానంల పిలగాడు చాతిబెల్టు పెట్టుకోలే. కింద నుంచే ఒర్లిన, బెల్టు పెట్టుకోరా అని. పెట్టుకున్నడు!"

"ఇనవడ్డదా వానికి?" అన్నడు మధు.

"జొన్నరొట్టె తిన్న గొంతు అది. ఇంకా ఇను. మెట్రో టికెట్ లైన్ల ఎవడు నిలబడ్తడని ఎల్‌బీ నగర్‌ల ఉరుకుడు షురూ చేసిన, పైన రైలు, కింద పిల్లర్ల నడుమ నేను. చైతన్యపురి కాడ రైలు నాకంటె జర ముందున్నది, అబద్ధం ఎందుకు చెప్పాలె. గప్పుడు మనసుల పుంటికూరను తలుసుకున్న. దిల్‌సుఖ్‌నగర్‌ల రైలు దిగెటోళ్లకు నేనే ఎదురుపోయిన. స్టేషన్ మెట్లు రెండేసి, మూడేసి ఎక్కుకుంట!"

అంతయ్య మళ్ల జగ్గు ఎత్తిండు. కూసున్నప్పటి సంది ఇది మూడోసారి. సాయమ్మ చేతుల గ్లాసు ఆగింది. గింత సల్లటి పొద్దున మనిషికి గంత దూప ఏంది? ఆమె కండ్లు కిందికి పోయినయి. అంతయ్య ఎడమ కాలి బొటనవేలికి గుడ్డపేలిక చుట్టి ఉన్నది. రెండు వారాల కింద పైపులు బిగించే పానా కాలి మీద పడ్డదని చెప్పిండు. ఆ గుడ్డ ఇంకా తడిగనే ఉన్నది, ఈగలు ముసురుతున్నయి.

భిక్షపతి అది చూడలే. ఆయన అప్పటికే చౌరస్తాల ఆగిపోయిన విజయవాడ బస్సును ఎనుక నుంచి తోస్తున్నడు. "యాభై మంది లోపల, సామాన్లు పైన, డ్రైవర్ చేతులెత్తేసిండు. నేను ఒక్క చెయ్యి పెట్టిన, ఇంకో చేతుల రొట్టె ఉన్నది మరి. హయత్‌నగర్ దాక తోసిన. లోపల పండుకున్నోళ్లు ఒక్కరు గూడ లేవలే, గంత మెత్తగ పోయింది బండి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దవాఖానకు పోతె డాక్టర్ నా నాడి పట్టుకొని ఏడ్చిండు. నీ రక్తం జర ఇయ్యి అన్నడు. నలుగురికి ఎక్కిచ్చిండు, నలుగురి షుగరు పాయె! ఇంక నాకెందుకు గోలీలు? ఇంట్ల ఉన్నయన్ని తీసుకపోయి నాలాల పోసిన. మొగోడు రొట్టె మీద బతకాలె గాని గోలీ మీద బతుకుతడా?"

"నిజమే అన్నా," అన్నడు అంతయ్య, గొంతు మెల్లగ. "ఆనాడు నువ్వు గీ మాటనే చెప్పినంక నేను గూడ నా షుగర్ గోలీలు పారేసిన. పదకొండు రోజులైంది. రొట్టె తింటున్న. జర కండ్లు తిరుగుతున్నయి, అది మొదట్ల అట్లనే ఉంటదేమో అని ఊకున్న. నీకు గూడ మొదట్ల తిరిగినయా?"

భిక్షపతి కండ్లు ఇలాచి డబ్బ దిక్కు పోయినయి.

పాలు పొంగి పొయ్యి మీద పడ్డయి. సాయమ్మ చూసుకోలే. ఆమెకు భయమైంది. మాట ఇచ్చినందుకు భయమైంది, ఇన్ని రోజులు నవ్వుకుంట విన్నందుకు గూడ భయమైంది. భిక్షపతి ఇప్పుడన్న చెప్తడేమో అని ఆయన మొఖం దిక్కు చూసింది. ఆయన మీసం తుడుచుకొని, "ఆఁ... తిరుగుతయి తమ్మీ, మొదట్ల జర..." అన్నడు.

సాయమ్మ ఇలాచి డబ్బ మూత తీసింది. ఇలాచిలు బండి మీద పోసి, అడుగున ఉన్న షీటు తీసి, తీసుకపోయి భిక్షపతి ముందర బల్ల మీద పెట్టింది.

"అన్నా, ఇయ్యాల్టి గోలి ఇంకా వేసుకోలే నువ్వు," అన్నది.

మధు నవ్వుతడనుకున్నది. నవ్వలే. మిక్చర్ ప్యాకెట్ మలిచి జేబుల పెట్టుకున్నడు. అంతయ్య గోలీల దిక్కు, భిక్షపతి దిక్కు మార్చి మార్చి చూసిండు.

"చెల్లె!" అన్నడు భిక్షపతి. కండ్లు ఎర్రగైనయి. "మాట ఇస్తివి గదా."

"ఇచ్చిన. తప్పు చేసిన. ఆయన వేలు చూడు."

భిక్షపతి అప్పుడు చూసిండు. ఒంగి, అంతయ్య కాలు తన మోకాలు మీద పెట్టుకొని, గుడ్డ మెల్లగ తీసిండు. వేలు నల్లబడ్డది. గుడ్డ మళ్ల చుట్టిండు. షీటుల నుంచి ఒక గోలి తీసి, అందరి ముందర, జగ్గు నీళ్లతోని మింగిండు.

"రెండు పూటలు వేసుకునేది ఒక్క పూట అయింది, గంతే తమ్మీ," అన్నడు. "మూడొందల ఎనభై నూటడెబ్బైకి వచ్చింది. వారంల గాదు, ఆరు నెలలు పట్టింది. డాక్టరమ్మ, మంచిగ చేస్తున్నవు, ఇట్లనే వండుకొని తిను, గోలి మాత్రం మానకు అన్నది. గింత ముచ్చట చెప్తె ఎవరింటరని... పెంచిన."

అంతయ్య చెయ్యి చాపిండు. "నాకు గూడ ఒకటియ్యి అన్నా."

"నాది నీకు గాదు. ఎవరిది వాళ్లకు రాస్తరు. లే, దవాఖానకు నడువు, నేనొస్త."

మధు ఉరికిపోయి ఆటో ఆపిండు. అంతయ్యను ఎక్కిచ్చి, పక్కన కూసోని, భిక్షపతి ఆయన భుజం గట్టిగ పట్టుకున్నడు. ఆటో కదిలేముందు అంతయ్య అడగడం సాయమ్మకు ఇనవడ్డది.

"మరి మెట్రో మెట్లు?"

"లిఫ్టుల పోత."

"రొట్టె?"

"రొట్టె నిజం తమ్మీ. రొట్టె ఒక్కటే నిజం."

దవాఖానల అంతయ్య షుగర్ నాలుగొందలు దాటిందన్నరు. నాలుగు రోజులు ఉంచుకున్నరు. ఇంకొన్ని రోజులు ఊకుంటె వేలు తీసేసెటోళ్లమని డాక్టర్ చెప్పిండు. ఆ నాలుగు రోజులు పొద్దు మాపు భిక్షపతే రొట్టె, బీరకాయ కూర టిఫిన్ల పెట్టుకొని పోయిండు. సాయమ్మ బండి దిక్కు మాత్రం రాలే. ఆమె రోజూ బల్ల తుడిచి, ఆ మూలకు ఎవరినీ కూసోనియ్యలే. కోపమైండు, ఇంక రాడు అనుకున్నది. ఏడుపొచ్చింది గాని, షీటు తీసినందుకు మాత్రం ఆమెకు బాధ కాలే.

ఆరో రోజు ఎనిమిదింటికి ఇద్దరూ వచ్చిండ్రు. అంతయ్య కాలికి తెల్లటి కట్టు. భిక్షపతి కూసున్నడు, చక్కెర లేని చాయ్ అడిగిండు, అంగీ జేబుల నుంచి షీటు తీసి బల్ల మీద పెట్టిండు. మధు చూస్తుండంగనే, పక్కన చాయ్ తాగే కొత్తోళ్లిద్దరు చూస్తుండంగనే గోలి వేసుకున్నడు.

కొత్తోడు ఒకడు ఊకుండక, "షుగరా పెద్దనాయినా?" అని అడిగిండు.

మధు సాయమ్మ దిక్కు చూసిండు. సాయమ్మ గ్లాసు పట్టుకొని నిలబడ్డది.

"షుగరే బిడ్డా," అన్నడు భిక్షపతి, మళ్ల అదే సాక్ష్యం చెప్పే గొంతుతోని. "ఒకప్పుడు ప్యాకెట్లు తిని బతికిన. అవి బంద్ చేసి రొట్టె నేర్చుకున్న. మొదటి రొట్టె అట్టముక్క అయింది, కుక్క గూడ ముట్టలే. రెండు గోలీలల్ల ఒకటి తగ్గింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?"

భిక్షపతి అంతయ్య కాలికున్న కట్టు దిక్కు చూసిండు.

"ఏం గాలే," అన్నడు. "ఇంకొకటి ఉన్నది. రోజూ వేసుకుంటున్న."