జమ్‌జమ్ నీళ్లు

మక్కాలో ఉమ్రా యాత్ర ముగించుకుని అప్పుడే ఇల్లు చేరిన భార్య పెట్టె సర్దుతోంది. భర్త పక్కనే నిలబడి చూస్తున్నాడు.

"జమ్‌జమ్ నీళ్లేవీ?"

"దారిలో దిగి, ఆ లారీ డ్రైవర్ వాళ్లమ్మకిచ్చి వచ్చానండీ."

"మన బాబును గుద్ది చంపినవాడి తల్లికా? నీకేమైనా మతి పోయిందా!"

"సఫా, మర్వా కొండల మధ్య నడుస్తుంటే, బిడ్డ దాహం తీర్చాలని, జమ్‌జమ్ ఊట పుట్టేదాకా అక్కడే పరుగులు పెట్టిన హాజిరా అమ్మ గుర్తొచ్చింది. నా బిడ్డ కోసం నేనింక పరిగెత్తే పని లేదు. ఆవిడ మాత్రం కొడుకు కోసం జైలుకీ కోర్టుకీ తిరుగుతూనే ఉంది."

"...ఏమంది?"

"సీసా గుండెకు హత్తుకుని కూలబడిపోయింది. వాణ్ణి క్షమించానని కోర్టులో చెబుతానన్నాను."

"నావల్ల కాదు. నాకు నోరు రాదు."

"మీరేమీ మాట్లాడొద్దు. నా పక్కన నిలబడండి, చాలు."