పాలు పితికే వేళ

అమెరికాలోని వెర్మాంట్ పల్లెలో ఇరవయ్యో వేసవి సంగీతోత్సవం నడుస్తోంది. దాన్ని మొదలుపెట్టిన వయొలిన్ విద్వాంసురాలు పక్కింటి పాడిరైతు గుమ్మంలో నిలబడింది.

"లోపలికి రా హెస్టర్, అక్కడే ఆగిపోయావేం?"

"కచేరీకి అడ్డొస్తోందని మీ పాలు పితికే మిషన్ చప్పుడు మీద ఊరి ఆఫీసుకి ఫిర్యాదు వెళ్లింది, ఆర్విల్ గారూ. ఉత్సవ కమిటీ వాళ్లు నా మాట వినలేదు."

"కాగితం నాకూ వచ్చిందిలే. మొదటి సంతకం నీదే."

"...మీ మొహం చూడలేకపోతున్నాను. మొదటి ఏడు మీ గడ్డికొట్టంలోనే వాయించాం. అప్పుడు ముప్ఫై మంది, ఇప్పుడు వెయ్యిమంది."

"మొన్న శనివారం ఎర్రావుకి పొదుగు వాచింది. అందుకే మీ కచేరీ అవ్వకముందే పితికాను."

"ఆ ఒక్కరోజేనా? మరి మిగతా రోజులు?"

"మీ వాయింపు అయ్యేదాకా ఆగుతాను. ఇరవై ఏళ్లుగా ఆవులకీ అలవాటైపోయింది. ఇంతకీ, ఇవాళ ఎన్నింటికి ముగిస్తారు?"