టాబితా మేనత్త ఆవు వేలం

కూర్చో కేలబ్, పొయ్యి దగ్గరకి జరుగు. ఆ టోపీ ఉండనీరా, మనుషులంతా ఒకటేననే క్వేకర్లం మనం, రాజు ముందు కూడా తియ్యం, నా ముందు తీస్తావా! ఆఁ, టోపీ అంటే మా టాబితా మేనత్త గుర్తొచ్చింది. నువ్వు చూడలేదులే. ఎవరినైనా ‘నువ్వు’ అనేది. జడ్జీనీ నువ్వే, పందులు కాసేవాణ్ణీ నువ్వే. దేవుడికి లేని తేడా నాకెందుకనేది. ఏం చెప్తున్నానూ? ఆఁ, ఆవు. మనకి పాదిరే లేడా, మౌనంగా కూర్చుంటాం, దేవుడు మాట ఇచ్చినవాళ్లు లేచి చెప్తారు. అయినా ఊరి పాదిరి జీతానికి మనమూ పన్ను కట్టాలని మనల్నేలే బోస్టన్ దొరల చట్టం. అత్త కట్టనంది. కానిస్టేబుల్ సైలస్ వచ్చి పన్ను కింద ఎర్రావుని తోలుకుపోయాడు. మొగుడు పోయిన మనిషి, ఆ పాలమీదే బతుకు. మిల్లు నడిపే ఓబెద్ జాలిపడి, “ఎవరికీ చెప్పకు, నేను కట్టేస్తా” అన్నాడు. “నీ చేత్తో కట్టినా నేను తలవంచినట్టే ఓబెద్. పోతే పోనీ” అంది. అని, లోపలికెళ్లి ఏడ్చింది, నేను విన్నాను.

వేలం చర్చి ముందు. గొడవవుతుందని సైలస్ కర్రలవాళ్లని తెచ్చుకున్నాడు. పిచ్చోడు! మనవాళ్లకి గొడవెక్కడ వచ్చు? వచ్చి, ఆరాధనలో కూర్చున్నట్టే గడ్డి మీద కూర్చుని కళ్లు దించుకున్నారు. “పాట మొదలు! ఎంతంటారు?” అని అరిచాడు. ఊహూఁ. ఆవుని కొందామని వచ్చిన కసాయి నోరు తెరిచి, చుట్టూ చూసి, ఆవులించినట్టు మూసేశాడు. ఆ మౌనం అంటుకుంటుందిరా! చర్చివాళ్లూ గుసగుసలు మానేశారు. కర్రలవాళ్లయితే ప్రార్థన అనుకున్నారేమో, టోపీలు తీసేశారు. మనవాళ్లవి మాత్రం నెత్తినే! “ఎవరూ లేరా?” అని సైలస్ గొంతు చించుకున్నాడు. ఆవు ‘అంబా’ అంది. అంతే, సైలస్ పెళ్లామే లేచింది. “ఏవయ్యా, దాని పొదుగు పగిలేలా ఉంది, కళ్లు కనపడ్డంలా? టాబితా ఇంటికి తోలు! లేకపోతే నీకు ఇవాళ అన్నం లేదు!” ఊరంతా ఘొల్లుమంది.

సైలస్ తాడు వదిలేశాడు. అత్త ఆవుని తోలుకొచ్చి, పితికి, మొదటి చెంబు ఎవరికి పట్టుకెళ్లిందనుకున్నావ్? సైలస్‌కి! “అరిచి అరిచి నీ గొంతు ఎండిపోయుంటుంది. తాగు.” తాగాడు, తలెత్తకుండా. మరుసటేడు ఊరిసభలో క్వేకర్లకి ఆ పన్ను వద్దని ఓబెద్ అన్నప్పుడు ముందు లేచిన చెయ్యి సైలస్‌దే. నవ్వకు, నిజం. అత్త ఏమందో తెలుసా? ఏమీ అనలేదు. ఆరాధనలోలా కళ్లు దించుకుని కూర్చుంది, అంతే. ఇదిగో, ఇలాగే...