జాబితాలో లేని మంత్రసాని

గ్రంథాలయంలో రచయితల వివరాలు నమోదు చేసే గుమస్తా ఎదురుగా, తన తొలి పుస్తకం ఒళ్లో పెట్టుకుని డెబ్భై ఏళ్ల మంత్రసాని కూర్చుంది.

“అమ్మా, వృత్తి దగ్గర ‘ఇతరులు’ అని పెడుతున్నాను.”

“ఇతరులంటే ఎవరు నాయనా?”

“మా జాబితాలో మాట లేనివాళ్లు. సొంతంగా రాయడానికి వీల్లేదు, ఉన్నవాటిలోంచే ఎంచుకోవాలి. పోనీ ‘నర్సు’ అని పెట్టనా?”

“ఈ వయసులో నాచేత అబద్ధం ఆడించకు. ఇంకెవరున్నారో చదువు.”

“పాటలు రాసేవారు, పాత్రలకు కళాయి వేసేవారు, పాములు పట్టేవారు...”

“పాముల్ని పట్టేవాడికి మాట దొరికింది, పుట్టే పిల్లల్ని పట్టేదానికి దొరకలేదన్నమాట. బాగుంది. ఆ జాబితా రాసినాయన ఆకాశంలోంచి ఊడిపడి ఉంటాడు, మంత్రసానితో పని పడి ఉండదు.”

గుమస్తాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గూ వేసింది. పుట్టినప్పుడు తననూ ఇలాంటి చేతులే అందుకున్నాయని తల్లి చెప్పేది. అతను సొరుగు లాగి ఒక ఫారం తీశాడు.

“కొత్త మాట చేర్చమని పైకి రాస్తానమ్మా. ఆ మాట వాడుకలో ఉందని రుజువు చూపించాలి.”

“నా చేతుల మీద పుట్టినవాళ్లు పన్నెండు వందల మంది. అందరినీ పిలిస్తే మీ కుర్చీలు చాలవు.”

“పుస్తకం చాలు, అట్ట మీదే ‘మంత్రసాని’ అని ఉందిగా. అంతదాకా వృత్తి ఖాళీగా ఉంచుతాను. ‘ఇతరులు’ అని మాత్రం పెట్టను.”

“ఎన్నాళ్లు పడుతుంది?”

“కమిటీ కూర్చోవాలి కదా. ఏడాది పైనే.”

ఆమె పుస్తకం అతని చేతిలో పెట్టి లేచింది.

“తొమ్మిది నెలలు దాటితే కబురు పెట్టు నాయనా. నేనే వచ్చి బయటికి తీస్తాను.”