కుమిస్ గిన్నె తిరిగిచ్చిన విమానం

పొగమంచు విడిస్తే గానీ ఏ విమానమూ లేవదని తేలిపోయాక, ఓష్ విమానాశ్రయం ఎదురుగా ఉన్న హమ్జా టీకొట్టులో చెక్కమంచం మీద షర్షెన్ బాయ్కే బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు. ఆయన అలా కూర్చున్నాడంటే కథ మొదలైనట్టే. ఆ ఊళ్ళో వయసులో పెద్దవాణ్ణి పేరు చివర బాయ్కే తగిలించకుండా పిలిచేవాళ్ళు లేరు, బాయ్కే మాట్లాడుతుంటే మధ్యలో నోరు తెరిచేవాళ్ళూ లేరు. నేల మీదే కాదు, గాల్లోనూ అంతే.

అందరిలోకీ చిన్నది కాబట్టి టీకెటిల్ ఐజిరెక్ చేతిలో ఉంది. షర్షెన్ బాయ్కే కెప్టెన్‌గా నడిపే విమానంలో కుడి కుర్చీ, అంటే కోపైలట్ కుర్చీ, ఆమెది. ఎడమ కుర్చీ, అంటే కెప్టెన్ కుర్చీ, ఆమెకి ఇవ్వొచ్చా లేదా అని అడగడానికే వాళ్ళ చిన్న కంపెనీలో పైలట్లందరికీ పెద్దయిన మూసాబెక్ పనిగట్టుకుని వచ్చాడు. షర్షెన్ బాయ్కే ఊ అంటే అయిపోతుంది. ఆయనేమో టీ తాగాక చెబుతానన్నాడు.

ఐజిరెక్‌కి ఒకటే భయం. ఇంతకుముందు ఒకతన్ని, పెద్దల మాటకి అడ్డొస్తాడు, పనికిరాడు అని ఈయనే తేల్చేశాడు. పోయిన నెల బాత్కెన్ నుంచి వస్తూ ఐజిరెక్ కూడా అడ్డొచ్చింది. ఒక్క మాటే. ఆ తర్వాత ఆయన దాని ఊసెత్తలేదు. ఇప్పుడు సరిగ్గా ఆ ప్రయాణమే ఎత్తుకున్నాడు.

“పెద్ద సంగతేం కాదులే, కాస్త పక్కగాలి, అంతే. పెద్ద కంపెనీల పైలట్లయితే వెనక్కి తిప్పి హోటల్లో పడుకునేవాళ్ళు, మీట నొక్కడం తప్ప వాళ్ళకేం తెలుసు, నాకు పన్నెండు వేల గంటల అనుభవం, గాలి ఎటు నుంచి వస్తుందో నా మోకాలు ముందే చెబుతుంది.”

నిజానికి ఆ రోజు రన్‌వే పక్కన గాలి ఎటుందో చూపే గాలిసంచీ తడిగుడ్డలా గడకి వేలాడుతూ ఉంది. ఐజిరెక్ అది తలుచుకుంటూ అందరి గిన్నెల్లోకీ సగం సగం టీ వంచింది. సగం పోయడమే మర్యాద. నిండా పోస్తే ఇక లేవండని అర్థం.

బాయ్కే కథలో గాలి కాస్తా తుఫానైంది. ఎడమ ఇంజిన్ ఆగిపోయింది. అది చాలదన్నట్టు కుడిది కూడా ఆగిపోయింది. మెకానిక్ రవీల్ మాంసం కూరిన సంసా నములుతూ, మరి తను చూసినప్పుడు రెండూ నిక్షేపంగా ఉన్నాయే అని గొణిగాడు. కిందికొచ్చాక వాటిని నాలుగు తిట్టి దారిలో పెట్టానన్నాడు బాయ్కే.

“ఇప్పుడేం చెయ్యాలి? వెనక పెళ్ళివాళ్ళు. మేకపోటీలో నేల మీది మేకని అందుకోడానికి గుర్రం మీంచి ఎలా ఒరుగుతారో అలా ఒరగండర్రా అన్నా. ఎడమకి ఒరిగితే విమానం ఎడమకి, కుడికి ఒరిగితే కుడికి. అట్లా లోయ వెంట జారుకుంటూ ఎంత కిందికి దిగామంటే, గుర్రప్పాలు పితికే ఒకావిడ, ఆ పాలు పులియబెట్టిన కుమిస్ గిన్నె పైకెత్తి చూపించింది. కిటికీ తీసి అందుకున్నా. తాగా. తరవాత ఏం గుర్తొచ్చిందో చెప్పండి చూద్దాం. గిన్నె! పరాయి వాళ్ళ గిన్నె ఎత్తుకుపోతామా? మళ్ళీ తిప్పా విమానాన్ని.”

“ఖాళీ గిన్నె ఎలా ఇచ్చావు బాయ్కే, తప్పు కదా?” అన్నాడు హమ్జా పొయ్యి దగ్గర్నుంచే.

“ఖాళీగా ఇస్తానా నేను? జేబులో ఎండు పెరుగు ఉండలుంటే గిన్నె నిండా పోసిచ్చా. ఇరవై వేల గంటలు నడిపినవాడికి ఆ మాత్రం మర్యాద తెలీదా?”

ఇందాక పన్నెండు వేలేగా అన్నాడు రవీల్. అవి పగటి గంటలు, రాత్రివి ఇప్పుడు కలిపాను అన్నాడు బాయ్కే, రెప్పయినా వెయ్యకుండా. ఆ వెంటనే ఒక డేగ వచ్చి రెక్క మీద వాలింది. అది ముసలిదట, ఎగరలేక ఓష్ దాకా తీసుకుపొమ్మని కళ్ళతోనే అడిగిందట.

మూసాబెక్ నవ్వలేదు. “ఇంత జరుగుతుంటే ఈ అమ్మాయేం చేస్తోంది?” అన్నాడు.

“ఇదా? కళ్ళు గట్టిగా మూసుకుని వాళ్ళమ్మని తలుచుకుంటోంది పాపం. ఒక చేత్తో జోకొడుతూ రెండో చేత్తో నడిపా.”

మూసాబెక్ ఐజిరెక్ వైపు చూశాడు. అవునంటే పిరికిదానికి కెప్టెన్ కుర్చీ ఇవ్వరు. కాదంటే పదిమందిలో బాయ్కే మాట తీసేసిన దానికి అసలే ఇవ్వరు. కెటిల్ పిడి అరచేతిని కాలుస్తున్నా ఆమె కింద పెట్టలేదు. బాయ్కే ఆమె వైపు చూడకుండా విమానాన్ని దించడం మొదలుపెట్టాడు.

“మంచు చీల్చుకుని రన్‌వే ఎదురొచ్చింది, వేగం తగ్గించా, ముక్కు వెంట్రుకవాసి ఎత్తా, డేగని గట్టిగా పట్టుకోమన్నా, తుమ్మెద పువ్వు మీద వాలినట్టు ఇహ ఇట్టే వాలబోతున్నా, అప్పుడూ...”

“చక్రాలు, బాయ్కే,” అంది ఐజిరెక్.

గొంతు పెంచలేదు. పక్క కుర్చీకి వినబడేంతే అంది.

రవీల్ కథంతా మనసులో ఒకసారి తిప్పి చూసుకున్నాడు. ఇంజిన్లున్నాయి, గిన్నె ఉంది, డేగ ఉంది. చక్రాలు దించిన సంగతి మాత్రం ఎక్కడా లేదు. పగలబడి నవ్వబోయి ఆగిపోయాడు. షర్షెన్ బాయ్కే కుడిచెయ్యి దానంతటదే ముందుకి చాపుకుని, రొట్టెల మీదుగా గాల్లో ఏదో పట్టుకుని కిందికి లాగుతోంది. అక్కడ మీటేమీ లేదు. విమానంలో అయితే చక్రాలు దించే మీట సరిగ్గా అక్కడే ఉంటుంది.

బాత్కెన్ నుంచి వచ్చిన ఆ రోజూ ఆ చెయ్యి అలాగే వెళ్ళింది. దిగుతూ దిగుతూ ఆయన ఈ డేగ కథే చెబుతున్నాడు. చక్రాలు దిగలేదని హెచ్చరిక కూత మొదలైతే, కథకి అడ్డొస్తోందని తనే దాని నోరు నొక్కేశాడు. నేల పైపైకి వస్తుంటే పెద్దాయన మాట పూర్తవడం కోసం ఐజిరెక్ ఒక్క క్షణం ఆగింది. ఆ ఒక్క క్షణం ఆమెని ఇప్పటికీ నిద్రలో లేపుతుంది. రెండో క్షణం ఆగలేదు.

మూసాబెక్ ఆ చేతిని చూశాడు. “ఆ రోజు కూడా ఇట్లాగే అందా?” అని మెల్లగా అడిగాడు.

షర్షెన్ బాయ్కే చెయ్యి వెనక్కి తీసుకుని, మోకాలి మీద పెట్టుకుని, దానివైపు కాసేపు చూశాడు. తర్వాత మీసం దువ్వుకున్నాడు.

“అనకేం చేస్తుంది? ఎవరి శిష్యురాలనుకున్నావు? ఆ గిన్నె, ఆ డేగ, అంతా పరీక్ష. నోరు తెరుస్తుందా లేదా అని చూశా. నలభై వేల గంటల్లో నా మాటకి సమయానికి అడ్డొచ్చింది ఈ ఒక్క పిల్లే.” అని ఆమె చేతిలోంచి కెటిల్ లాక్కున్నాడు. పెద్దవాడు పోయడం ఆ మంచం మీద ఎవరూ చూడలేదు. ఒక గిన్నెలో సరిగ్గా సగం పోసి, రెండు చేతులతో ఆమె ముందు పెట్టాడు. “ఎడమ కుర్చీ దీనిదే, మూసాబెక్. ఇహ నేను కుడిపక్కన కూర్చుని ప్రశాంతంగా కథలు చెప్పుకుంటా.”

ఐజిరెక్ గిన్నె అందుకుని ఒక గుక్క తాగింది.

“ఇందాక ఇరవై వేలన్నారు, బాయ్కే,” అంది.