బరికె వద్దన్న పంతులమ్మ

వసుంధర అని ఒక పిల్ల. పంతులమ్మ చదువు చదవతా, ఏదన్నా బళ్ళో పాఠం చెప్పి చూపించాలన్నారని మన పక్కన మేకలోళ్ళ పల్లెకొచ్చిందంట. ఏం పిల్లనుకున్నారు? పుస్తకాలన్నీ నమిలి మింగింది. నోరు తెరిస్తే నినాదమే. "భయమున్న చోట చదువుండదు! బెత్తం పట్టిన చెయ్యి బానిసల్నే తయారు చేస్తది!" అని దారిపొడుగునా తనలో తనే అనుకుంటా వచ్చిందనుకో. తొలిరోజు గదా, మంచి ఆవేశం మీదుంది.

ఏమైందంటే, బడి గంట కొట్టేసరికి గుమ్మంలో ఎల్లమంద నిలబడున్నాడంట. మేకలు కాసుకునేవాడు. పక్కన కూతురు గురవమ్మ, చేతిలో అప్పుడే కోసిన చింతబరికె. ఆ పల్లెలో ఆడపిల్ల బడి గడప తొక్కడం అదే మొదలు, అది గుర్తెట్టుకోండి. ఆయన బరికెని రెండు చేతులా పట్టి, వంగి, "తీసుకో పంతులమ్మా" అన్నాడంట. ఈమెకి ఒళ్ళు మండిపోయింది. కన్నబిడ్డని కొట్టమని నువ్వే బరికె తెచ్చిస్తావా, నా తరగతిలో దీనికి చోటు లేదు పో, అని లాక్కుని ఫెళ్ళున విరిచి బయట పారేసింది. పిల్లలు బిక్కచచ్చిపోయారు. ఎల్లమంద విరిగిన ముక్కలు చూశాడు, కూతుర్ని చూశాడు. "పదమ్మా, నిన్నొద్దంటంది" అని పిల్లని తీసుకుని వెళ్ళిపోయాడంట.

ఈమె తెల్లబోయింది. కుచ్చిళ్ళెత్తి పట్టుకుని వెనకాలే పరిగెత్తింది. మంద దగ్గర అందుకుని, "అన్నా, నేను పిల్లనెప్పుడు వద్దన్నా?" అంది. ఆయనేమన్నాడు? "మేం ఇంకొకడికి మంద అప్పజెప్పేటప్పుడు కర్ర కూడా చేతికిస్తామమ్మా. కర్ర అందుకుంటే జీవాల మంచీ చెడ్డా వాడిదే. వద్దన్నాడంటే మంద వద్దన్నట్టే. నువ్వు విరిచే పారేస్తివి." "నేను కొట్టను గదన్నా, నాకెందుకది?" "కొట్టకుండా ఎట్టొస్తదమ్మా చదువు? మా మేనమామ వాతలు తేలేట్టు కొడితేనే గదా నాకు మంద కాయడం వచ్చింది" అన్నాడంట, అదేదో మామూలు సంగతైనట్టు. ఇంక చూడండి ఈమె పాట్లు. బరికె పట్టకపోతే పిల్ల రాదు. పడితే తన మాట పోద్ది. నాలిక మీదికి ఒక్క నినాదం రాలా. "సరే ఇయ్యన్నా. పట్టుకుంటా, కొట్టను. పిల్ల మంచీ చెడ్డా నాది" అంది. ఆయన ఆలోచించి ఆలోచించి, ఇంకో బరికె కోసిచ్చి, పిల్ల చెవిలో ఏదో చెప్పి పంపాడంట.

బళ్ళోకొచ్చాక బరికె గోడకానించి, పలక మీద 'అ' రాయమంది. గురవమ్మకి అక్షరం వంకర పోయింది. పోయిందో లేదో, ఆ పిల్ల లేచి, కళ్ళు గట్టిగా మూసుకుని, అరచెయ్యి చాపి నిలబడిందంట. ఎవరూ తిట్టలా, ఎవరూ అడగలా. తండ్రి పిల్ల చెవిలో చెప్పింది అదేనన్నమాట. వసుంధర నేలమీద కూర్చుని, ఆ చిన్న వేళ్ళు ఒక్కొక్కటే ముడిచింది. "కొట్టనమ్మా, మళ్ళీ రాయి." రాసింది, తప్పింది, చెయ్యి చాపింది. ఈమె ముడిచింది. మళ్ళీ తప్పింది, మళ్ళీ చాపింది. మళ్ళీ ముడిచింది. అట్టా పొద్దు వాలిందాకా జరిగిందనుకో. బడి వదిలే ముందు ఇంకోసారి తప్పు రాసి, చెయ్యి సగందాకా లేపి, పంతులమ్మ మొహంలోకి చూసి, తనంతట తనే దించుకుందంట.

పెద్దపంతులొచ్చి, "ఇయ్యాల ఏం నేర్పావమ్మా?" అంటే, "చెయ్యి దించుకోవడం సార్" అందంట. "దానికి మార్కులెయ్యడానికి లేదే!" అన్నాడంట ఆయన.

మార్కులెట్టా ఉంటయ్? పెద్దోళ్ళకే రాని పాఠం గదా అది. నవ్వుతారేం? మొన్న కామందు వాకిట్లో మీరు చేతులు కట్టుకుని ఎట్టా నిలబడ్డారో నేను చూళ్ళేదా? మీ పక్కన నిలబడే గదా చూశా.